మా వదిన పరాయి దేశస్థురాలే

"వదినా, నీ పౌరసత్వం సంగతి నాకు వదిలెయ్. నీకు ఏ తక్లీఫ్ లేకుండ చూసుకునే పూచీ నాది."

ఇది నేనిచ్చిన మాట. నాయకులు తప్పిన మాటలన్నీ చార్టు మీద రాసి గోడకు అంటించుకునే అలవాటు నాకుంది. పోయిన వారం వదిన ఆ చార్టు అడుగున ఈ మాట కూడా రాసి, పక్కన నా పేరు పెట్టింది. ఎందుకో చెప్తాను, నవ్వితే నవ్వండి.

వదినది నేపాల్. పోఖరా దగ్గర ఊరు. రైల్వేలో పనిచేసే మా అన్నను పెళ్లి చేసుకుని మా చిలకలగూడ బస్తీకి వచ్చి చాలా ఏళ్లయింది. ఇప్పుడు ఆమె తెలుగు నా తెలుగు కన్నా చిక్కగా ఉంటుంది. బోనం నెత్తిన పెట్టుకుంటే ఆమె వెనకాలే బస్తీ నడుస్తుంది. లేనిదల్లా ఓటు. ఎన్నికల రోజు ఆడవాళ్లందరూ పిల్లల్ని మా ఇంట్లో దించి పోయి, వేలి మీద సిరా చుక్కతో తిరిగొస్తారు. వదిన వాళ్ల పిల్లలకు అన్నం పెడుతూ ఆ వేళ్లకేసి చూస్తుంటుంది. ఆ చుక్క కోసమే ఈసారి భారత పౌరసత్వానికి దరఖాస్తు పెట్టింది. కాగితాలన్నీ పక్కా. మిగిలింది పోలీసు ఎంక్వైరీ ఒక్కటే. ఇంటికొస్తారు, చుట్టుపక్కల వాళ్లను నాలుగు మాటలు అడుగుతారు, పోతారు.

నేను ఊరికే ఉంటే సరిపోయేది. చదివిన పుస్తకాలు ఉండనివ్వలేదు. డాబా మీద మీటింగ్ పెట్టాను.

"నిజం చెప్తే చాలు గదా సాగర్, మీటింగ్ ఎందుకు?" అంది వదిన.

"నిజం ఒంటరిగా గెలవదు వదినా. దానికి జనబలం కావాలి."

"ఎంతమందికి చాయ్ పెట్టాలె మరి?"

ఆ చాయ్, ఉస్మానియా బిస్కెట్ల కోసమే చాలామంది వచ్చారు. నేను గంటసేపు దంచాను. సరిహద్దులు భూమి గీసినవి కావు, పాలకులు గీసినవి అన్నాను. ఒక్కరిని వేరు చేస్తే అందరినీ వేరు చేసినట్టే అన్నాను. చివరికి పిడికిలెత్తి తీర్మానం చేశాను: "ఎవరొచ్చి అడిగినా ఒకే గొంతు. ఆమె మనది. పరాయి, విదేశీ, నేపాల్ అనే మాటలు మన నోట రాకూడదు."

అందరూ చప్పట్లు కొట్టారు. పక్కింటి ఎల్లమ్మ పెద్దమ్మ కళ్లు తుడుచుకుంది. నా ఉపన్యాసానికి ఒకరు ఏడవడం అదే మొదటిసారి. ఆ మైకంలో ఇంకేమీ ఆలోచించలేదు.

గురువారం పొద్దున ఏఎస్ఐ గారు వచ్చారు. నెమ్మదైన మనిషి. వదిన పాత కాగితాలు, పెళ్లి ఫొటోలు చూసి తల ఊపారు. "అంతా మంచిగనే ఉందమ్మా. ఇద్దరు పక్కింటోళ్లను పిలిస్తే అయిపాయె" అన్నారు.

ఎల్లమ్మ పెద్దమ్మ అప్పటికే గడపలో ఉంది.

"ఈమె మీకు ఎన్నేళ్ల నుంచి తెలుసు?"

"ఎన్నేళ్లేంది సారూ? నా చేతుల మీద పుట్టింది. మొదటి స్నానం నేనే చేయించిన."

ఏఎస్ఐ గారి పెన్ను ఆగింది. "ఎక్కడ పుట్టింది?"

"ఇగో, ఈ ఎనక గదిలనే."

వదిన నోరు తెరిచేలోపు కిరాణా ఖాజా భాయ్ అందుకున్నాడు. "సహీ బాత్ సార్. చిన్నప్పుడు మా దుకాణం కాడ చాక్లెట్ కోసం పొర్లి పొర్లి ఏడుస్తుండె. జెర మొండి పిల్ల."

ఖాజా భాయ్ వదిన కన్నా చిన్నవాడు.

"మరి నేపాల్?" అన్నారు ఏఎస్ఐ గారు.

"ఏ నేపాల్?" అని ఇద్దరూ ఒకే గొంతుతో అడిగారు. ఐక్యత అంటే అదే.

ఏఎస్ఐ గారు వదిన వైపు తిరిగారు. "అమ్మా, మీరు నిజంగ నేపాలోళ్లేనా? మీ భాషల ఏదన్న ఒక మాట చెప్పుండ్రి."

వదిన ముఖానికి చెమటలు పట్టాయి. "అయ్యో సారూ, ఈ పరేషాన్ల ఒక్క ముక్క సుత యాదికొస్తలేదు."

ఆయన పెన్ను జేబులో పెట్టుకున్నారు. "ఈడనే పుడితే ఈమెకు మళ్ల పౌరసత్వమెందుకు? ఈడ పుట్టకపోతే మీరంత ఎందుకు గిట్ల చెప్తుండ్రు? ఇట్ల రాసి పంపితే ఫైల్ ఆడనే ఆగుతది. ఎవరు నేర్పిండ్రు మీకు?"

బస్తీ మొత్తం నా వైపు చూసింది. అప్పుడు కూడా ఒక్కటిగానే.

నేను అన్నీ ఒప్పుకున్నాను. ఆయన నన్ను పైనుంచి కిందికి చూసి, "తమ్ముడూ, ఆగస్టు పదకొండున మళ్లొస్తా. ఆ దినం అందరు ఉన్నది ఉన్నట్టు చెప్పాలె" అని వెళ్లిపోయారు.

అప్పటినుంచి ఇంటింటికీ తిరుగుతున్నాను. సరిహద్దులు లేవని అరిచిన నోటితోనే "మా వదిన పరాయి దేశస్థురాలే, దయచేసి నమ్మండి" అని ప్రచారం చేస్తున్నాను. ఖాజా భాయ్ దారికొచ్చాడు. ఎల్లమ్మ పెద్దమ్మ మాత్రం తలుపు సగమే తీస్తోంది.

"ఆమె మనది అని నువ్వే చెప్పిస్తివి. ఇప్పుడు పరాయిదని నా నోటితోని అనమంటవా? నా బిడ్డను నేనెట్ల అంటరా?"

ఈ మాట వదినకు చెప్పాను. ఆమె కొంగుతో కళ్లొత్తుకుని, "నాకు ఓటొచ్చినంక నువ్వు ఏ ఎలక్షన్ల నిలబడ్డా నీకు మాత్రం వెయ్య" అంది.

అందుకే నిన్న పెద్దమ్మ తలుపుకు అల్టిమేటం అంటించాను. ఆమెకు చదువు రాదు. వదినే చదివి వినిపించింది.

"ఎల్లమ్మ పెద్దమ్మా, నీ కూతురు మా వదిన నేపాల్‌లో పుట్టిందని ఒప్పుకుంటావో లేదో ఆగస్టు పదో తారీకు సాయంత్రం లోగా తేల్చి చెప్పాలి."