మామ కుడి కంటి ముందరి అద్దం

ఆ గురువారం పొద్దున షెడ్డులో ఉన్నవాళ్ళు ముగ్గురు: మా అమ్మ తమ్ముడు, అంటే మా మామ, ఒక టిప్పర్ డ్రైవరు, నేను. ఉన్న వస్తువులు: వెనక తలుపు వంగిపోయిన టిప్పర్ ఒకటి, వెల్డింగ్ మిషను ఒకటి, గాడిలా వంచిన ఆరడుగుల ఇనుప చానళ్ళు నాలుగు, తడిపిన గోనెసంచులు రెండు, సుద్దముక్కలు వేసిన సిగరెట్ డబ్బా, ఇనుము కోసే ఐదంగుళాల గ్రైండర్ ఒకటి. లేనివి కూడా రాయాలి. గ్రైండర్‌కు తిరిగే చక్రాన్ని కప్పే గార్డు లేదు, పక్క హ్యాండిల్ లేదు. మామ కళ్ళకు అద్దాలు లేవు. ఆయనకు ఎడమ కంటి చూపు కూడా లేదు.

షెడ్డు బళ్ళారి దాటాక తోరణగల్లు రోడ్డు పక్కన ఉండేది. గనులు జోరుగా నడుస్తున్న ఏళ్ళవి. ఖనిజం మోసే టిప్పర్లు ఒకదాని తోక పట్టుకుని ఇంకొకటి పోయేవి. తలుపులు వంగడం, చానళ్ళు విరగడం రోజూ ఉండే పనే కాబట్టి మామకు తీరిక దొరికేది కాదు. షెడ్డు రేకులు, బయటి వేపచెట్టు, మామ భుజం మీది తువ్వాల, అన్నీ ఒకే ఎరుపు.

నేను మెకానికల్ డిప్లొమా పూర్తిచేసి తోరణగల్లు స్టీల్ ప్లాంటులో ట్రైనీగా చేరి ఆరు నెలలైంది. సత్యనారాయణపేట నుంచి కంపెనీ బస్సులో పోయి వచ్చేవాణ్ణి. ప్లాంటులో మొదటి వారం మాకు గ్రైండర్ చేతికివ్వలేదు. దాన్ని ఎలా పట్టుకోవాలో, ఎలా పట్టుకోకూడదో మాత్రమే చెప్పారు. జేబు నోట్‌బుక్కులో పదకొండు అంశాలు రాసుకున్నాను. వారం సెలవు గురువారం. ఆ రోజు మామ షెడ్డుకు పోయి ఆ పదకొండిట్లో ఎన్ని ఉన్నాయో చూశాను. ఒక్కటి ఉంది: తడి గోనెసంచి, నిప్పురవ్వలు పడే చోట.

మామ ఎడమ కన్ను ఎలా పోయిందో మా ఇంట్లో అందరికీ తెలుసు. నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పటి సంగతి. లోతుగా కోయాల్సి వచ్చి, ఐదంగుళాల మిషను గార్డు ఊడదీసి, ఏడంగుళాల కోత చక్రం, అంటే వీలు, ఎక్కించాడు. మధ్య బొక్క రెండు చక్రాలకూ ఒకటే, కాబట్టి ఎక్కుతుంది. డిప్లొమా రెండో ఏడు క్లాసులో నేను దీని లెక్క వేశాను. సార్ ఇచ్చిన లెక్క కాదు, వెనక పేజీలో నాకు నేనే వేసుకున్నది. చిన్న మిషను నిమిషానికి పదకొండు వేల చుట్లు తిరుగుతుంది. పెద్ద వీలు మీద ఎనిమిదిన్నర వేలు అని అచ్చు ఉంటుంది. ఆ వేగంలో వీలు అంచు సెకనుకు నూటమూడు మీటర్లు పోతుంది. అది తట్టుకోగలిగేది ఎనభై. వీలు పగిలి, ముక్క ఎడమ కంట్లో దిగింది.

అప్పటినుంచి మామ పెద్ద వీలు ముట్టుకోలేదు. కానీ గార్డు అప్పటికే పాత ఇనుములోకి పోయింది. ఆయన దృష్టిలో నేరం వీలుది. గార్డుకు, అద్దాలకు ఆ కేసుతో సంబంధం లేదు.

"మామా, అద్దాలు యాడ?" అని అడిగాను.

"మేకుకు ఉండాయి చూడు."

డ్రైవరు నవ్వాడు. "ఏమప్పా, మేనల్లుడు ఇంజినీర్ అయినాడంటివి. ఈడికొచ్చి కన్నడక అద్దాలు అమ్ముతాండాడే!"

"డిప్లొమా లేప్పా," అన్నాడు మామ. "ఇంజినీరే అయ్యుంటే నా తలకు గొడుగు కూడా పట్టుండేవాడు."

మేకుకు వేలాడుతున్న కళ్ళజోడు తీసి పెట్టుకున్నాను. టిప్పర్ మజ్జిగలో మునిగినట్టు కనిపించింది. ప్లాస్టిక్ నిండా సన్నని గీతలు.

"ఇప్పుడు చెప్పు," అన్నాడు మామ. "దాంట్లోంచి సుద్దగీత కనపడతాందా? గీత కనపడకుంటే నేను కోసేది ఏంది? ఉండేది ఒక కన్ను. దానికీ పరదా కట్టమంటావా?"

ఆయనది మొండితనమని ఆరు నెలలుగా అనుకుంటున్నాను. ఇది మొండితనం కాదు, కారణం. కారణమైతే కొలవచ్చు. గార్డు లేని గ్రైండర్‌ను నేను ముట్టదలచుకోలేదు కాబట్టి ఇనుము మీద గుర్తు కొట్టే పంచ్, సుత్తి తీసుకున్నాను. రేకుముక్క మీద సుద్దగీత గీసి, ఎడమ కంటికి గుడ్డ కట్టుకుని, ఆ పాత అద్దాలతో గీత మీద పది చోట్ల పంచ్ కొట్టాను. మూడు మాత్రమే గీత మీద పడ్డాయి. అద్దాలు తీసి ఒంటి కంటితో కొడితే ఏడు. రెండు కళ్ళతో పది. మార్కులు వేసింది డ్రైవరు.

"మొదటిసారి ఫేలు, రెండోసారి పాసు," అన్నాడు. "మీ మామదే కరెక్టు కదప్పా."

నిజమే. ఆ అద్దాలు ఒక కన్ను లేకపోవడం కంటే ఎక్కువ నష్టం చేస్తున్నాయి. అయితే అద్దాలు కొన్నప్పుడు అలా లేవు. గీతలు ఎక్కడినుంచి వచ్చాయి? నిప్పురవ్వ తగిలితే చుక్క పడాలి, గీత పడదు. బస్సులో ఆ వారమంతా నాకు ఇదే ఆలోచన.

తర్వాతి గురువారం కొత్త కళ్ళజోడు ఒకటి తెచ్చాను. రోడ్డు పక్కన పావుగంట ఆరుబయట పెట్టాను. ఎర్రదుమ్ము పట్టింది. ఎడమ అద్దాన్ని మామ తువ్వాలతో తుడిచాను. కుడి అద్దాన్ని బకెట్ నీళ్ళలో ముంచి, వేలితో మెల్లగా రుద్ది, ఆరనిచ్చాను. ఇలా పదిసార్లు. తర్వాత ఎండకు పట్టి మామకు ఇచ్చాను.

ఆయన కుడి కన్ను దగ్గరగా పెట్టి చూశాడు. ఎడమ అద్దం నిండా గీతలు, కుడిది తేటగా ఉంది. ఆదివారం చర్చిలో వాక్యం చదివేది ఆయనే. అప్పుడు కూడా పుస్తకాన్ని కాస్త కుడికి జరిపి పట్టుకుంటాడు.

"అంటే గీసేది నా తువ్వాలేనా?"

"తువ్వాల కాదు మామా, దాంట్లో ఉండే దుమ్ము. ఇది మట్టి కాదు, ఇనుపరాయి పొడి. దాంతో తుడిస్తే ఉప్పుకాగితం పెట్టి రుద్దినట్టే."

"ఇన్నేండ్లు సుమ్నె, ఊరికే అద్దాలను తిడతాంటి," అన్నాడు. భుజం మీది తువ్వాల తీసి మేకుకు తగిలించాడు. వేలాడే గుడ్డ తిరిగే వీలు దగ్గర ఉండకూడదన్నది నా జాబితాలో నాలుగోది. అది అడగకుండానే అయిపోయింది.

గ్రైండర్ కొందాం పదమన్నది కూడా ఆయనే. బజారులో మామకు తెలిసిన దుకాణంలో మూడు మిషన్లు బల్ల మీద పెట్టించాడు. కొనేటప్పుడు ఏం చూడాలో నా దగ్గర జాబితా ఉంది. మామకు చెయ్యి ఉంది. ఒక్కొక్క మిషనును చెయ్యి చాచి పట్టుకుని కాసేపు ఉంచాడు. ఏడంగుళాల దాని బరువుకు చెయ్యి కిందికి వాలింది.

"లోతు కోయాలంటే ఇదే కావాల కదా?" అన్నాడు.

మా చానల్ గోడ మందం ఐదు మిల్లీమీటర్లు. ఒకవైపు కోసి, తిప్పి రెండోవైపు కోస్తే ఐదంగుళాల వీలు చాలు. అది చెప్పాను. ఆయన పెద్దదాన్ని బల్ల మీద పెట్టేశాడు.

మిగిలిన రెండిటికీ మొదటి తేడా స్విచ్చులో ఉంది. ఒకటి ముందుకు జరిపితే అక్కడే నిలిచిపోయే రకం. రెండోది పిడికిలితో నొక్కి పట్టుకున్నంతసేపే తిరిగే రకం. దుకాణదారు దాన్ని కరెంటుకు పెట్టి చూపించాడు. వదిలాక కూడా అది వెంటనే ఆగలేదు. నేను లెక్కపెట్టాను: ఏడు సెకన్లు.

"చెయ్యి జారితే ఇది ఆగుతాది, అది ఆగదు. అంతే కదా?" అన్నాడు మామ. "వదిలినా ఏడు లెక్కపెట్టేవరకూ కింద పెట్టకూడదు."

గార్డు విషయం మాత్రం నా జాబితాలో లేని మాట చెప్పాడు. నిలిచిపోయే రకం మిషను గార్డును తిప్పాలంటే స్క్రూడ్రైవర్ కావాలి. పిడికిలి రకానిది చేత్తోనే తిరుగుతుంది. "స్క్రూ ఉండేది వద్దు. స్క్రూడ్రైవర్ వెతికే తీరిక యాడుండాది? ఎవడైనా ఒకనాడు పీకి పారేస్తాడు. నేను పీకలేదా?"

చక్రాలు ఎంచడం నా వంతు. వీలు మీది సంఖ్య మిషను మీది సంఖ్య కంటే ఎక్కువ ఉండాలి: మిషను పదకొండు వేలు, వీలు పన్నెండు వేల రెండొందలు. మధ్యలో ఇనుప రింగు మీద నెల, సంవత్సరం కొట్టి ఉంటాయి. అది దాటితే వీలు వాడకూడదు, ఎందుకంటే వీలులోని రాతిపొడిని పట్టి ఉంచే జిగురు పాతబడుతుంది. రింగు చూపించమంటే దుకాణదారు ముక్కు దగ్గర పెట్టుకుని చదివాడు.

"పదేండ్లుగా అమ్ముతాండా భాయ్," అన్నాడు. "ఇది తేదీ అని ఈ పొద్దు తెలిసె." డబ్బా అంతా బల్ల మీద బోర్లించి ఒక్కొక్కటే తిప్పి చూశాడు. గడువు దాటినవి నాలుగు పక్కన పెట్టాడు.

పిడికిలి రకం మిషనుతో పాటు కళ్ళజోడు ఒకటి, దాని మీద ముఖమంతా కప్పే షీల్డు ఒకటి, షీల్డుకు మార్చుకునే ప్లాస్టిక్ అద్దాలు ఆరు తీసుకున్నాం.

షెడ్డులో మొదటి కోత నేను మొదలుపెట్టబోయాను. వీలు బిగించేటప్పుడు ప్లగ్గు పీకాను. పక్క హ్యాండిల్ బిగించాను. గార్డును వీలుకూ నాకూ మధ్యకు తిప్పాను. రవ్వలు డీజిల్ ట్యాంకు వైపు పోకుండా టిప్పర్‌ను వెనక్కి తీయించాను. చానల్‌ను రెండు స్టూళ్ళ మీద పెట్టి నడుమ గీత గీశాను.

"ఆగు అల్లుడా. ఈడ కోస్తే ఏమైతాది?"

"రెండు ముక్కలైతాది."

"కాదు. సగం కోసేసరికి నడుము కుంగుతాది. కోత నోరు మూసుకుంటాది. వీలును కరిచి పట్టుకుంటాది. అప్పుడు మిషను నీ మీదికే ఎగురుతాది." స్టూలును లోపలికి జరిపి, తెగాల్సిన ముక్కను గాలిలోకి వదిలాడు. "ఇప్పుడు ముక్క కిందికి వాలుతాది, నోరు తెరుచుకుంటాది."

నా జాబితాలో ఆరో అంశం: వీలు బిగుసుకోకూడదు. రాసుకున్నాను గానీ అది స్టూలు ఎక్కడ పెట్టాలన్న సంగతి అని నాకు తట్టలేదు.

మామ షీల్డు దించుకుని తనే కోశాడు. మొదట గీత వెంట మెల్లగా ఒక గాడి, తర్వాత అదే గాడిలో కొంచెం కొంచెం లోతుగా. వీలును పక్కకు వంచలేదు, అదమలేదు. తెగిన ముక్క నేల మీద పడ్డాక నోట్లోనే ఏడు లెక్కపెట్టి మిషను కింద పెట్టాడు. గీత మీదే తెగింది.

అయినా షీల్డు ఆయనకు నచ్చలేదు. లోపల ఉక్కగా ఉంటుందట, తన ఊపిరి తనకే వినబడుతుందట. "ఈ బాల్చీ తలకు పెట్టుకుంటే జనం నవ్వుతాండారు. నిజంగా కంటి మీదికి ఏమొస్తాది? అన్నీ కిందికే కదా పోయేది?"

ఆయన అడిగింది వెక్కిరింతగానే. కానీ అది మంచి ప్రశ్న, జవాబు నాకు తెలియదు. అందుకని ఒప్పందం చేసుకున్నాం. నెల రోజులు, గ్రైండర్ పట్టిన ప్రతిసారీ, ఒకే అద్దం. తుడవకూడదు, బకెట్‌లో ముంచాలి. నెల తర్వాత కుడి కంటి ఎదుట ఏమీ లేకపోతే షీల్డు నేను తీసుకుపోవాలి. ఆయన పెట్టుకుని ఉండగా, కంటికి సూటిగా, రూపాయి బిళ్ళంత గుండ్రం అద్దం మీద పెన్నుతో గీశాను.

"నా కన్ను ఎగిరిపోకుండా కంచె కట్టినావు," అన్నాడు.

నాలుగు గురువారాలు గడిచాయి. ఐదో గురువారం అద్దం ఊడదీసి, కడిగి, ఎండలో నల్లగుడ్డ మీద పెట్టాను. గీతలు దాదాపు లేవు. చుక్కలున్నాయి. సన్నని గుంతలు, కొన్నిటి నడుమ తుప్పురంగు ఇనుపరజను ఇంకా ఇరుక్కునే ఉంది. గోరు పోనిస్తే తగులుతుంది. మొత్తం అద్దం మీద లెక్క వదిలేసి గుండ్రంలోనివి మాత్రమే లెక్కపెట్టి మామకు చెప్పాను.

ఆయన నమ్మలేదు. చర్చిలో పుస్తకం పట్టుకున్నట్టు అద్దాన్ని కాస్త కుడికి జరిపి పట్టుకుని, గోటి కొసతో ఒక్కొక్క గుంతనూ తాకుతూ తనే లెక్కపెట్టాడు. మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టాడు. మూడోసారి కూడా లెక్కపెట్టాడు. తర్వాత లేచి, కొత్త అద్దం ఒకటి తెచ్చి షీల్డుకు ఎక్కించి, పాతదాన్ని మేకుకు తగిలించాడు.

గుండ్రంలో ఉన్నవి పంతొమ్మిది.