నేను కట్ చేయని కాల్

ముందే ఒక మాట. ఇది చదివి నన్ను దయ్యాల కథలు చెప్పేవాళ్ల జాబితాలో వేయకండి. నేను వాటిని ఎన్నడూ నమ్మలేదు. ఈ సంఘటన తర్వాత కూడా నమ్మడం లేదు. చౌటుప్పల్‌లో మా ఇంటి పక్కన ఒక ఖాళీ ఇల్లు ఉండేది. అందులో ఏదో ఉందని వాడకట్టంతా భయపడుతుంటే, పరీక్షలకు చదువుకోవడానికి దాని తాళం అడిగి తీసుకున్నదాన్ని నేను. నెల రోజులు అందులోనే చదివాను. దోమలు తప్ప నన్నెవరూ ముట్టుకోలేదు.

కాబట్టి మీరు నమ్మాలని ఇది రాయడం లేదు. జరిగింది జరిగినట్టు చెప్తాను. ఇలాంటిదేమీ జరగలేదని రాసి సంతకం పెట్టమని నన్ను చాలాసార్లు అడిగారు. అప్పుడు పెట్టలేదు. ఇప్పుడడిగినా పెట్టను.

తెలంగాణ వచ్చిన రెండో ఎండాకాలం అది. కృష్ణా నదికి దగ్గరలోని ఆత్మకూర్‌లో టెలిఫోన్ ఎక్స్చేంజికి నేను ఇంజనీరును. అప్పటికే అందరి చేతుల్లో సెల్‌ఫోన్లు ఉన్నాయి. దవాఖాన, బ్యాంకు, పోలీస్ స్టేషన్, కొన్ని దుకాణాలు, కొందరు పెద్దవాళ్ల ఇళ్లు మాత్రమే మా తీగల మీద మిగిలాయి. ఎక్స్చేంజిలో నాతో పాటు ఉండేది లైన్‌మ్యాన్ అంజయ్య ఒక్కరే. రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మనిషి.

ఎక్స్చేంజిని నడిపే సాఫ్ట్‌వేర్ పాతబడింది. దాన్ని మార్చాలి, కానీ ఫోన్లు ఒక్క క్షణం కూడా ఆగకూడదు. ఇది ఎలా చేస్తారంటే, ఎక్స్చేంజిలో రెండు కంప్యూటర్లు ఉంటాయి. ఒకటి పనిచేస్తుంటే రెండోది పక్కన సిద్ధంగా ఉంటుంది. ఆ రెండోదానిలో కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించి, పరీక్షించి, నడుస్తున్న కాల్స్ అన్నిటినీ ఒక్క ఆదేశంతో దాని మీదికి మార్చాలి. సరిగ్గా చేస్తే మాట్లాడుకుంటున్న ఇద్దరికీ ఏమీ తెలియదు. మాట మధ్యలో చిన్న చప్పుడు కూడా రాదు.

ఈ పని మామూలుగా అర్ధరాత్రి చేస్తారు. నేను మధ్యాహ్నం చేస్తానన్నాను. ఆ రోజుల్లో రాత్రి అయ్యేసరికి గాలిదుమారం లేచి కరెంటు పోయేది, మా బ్యాటరీలేమో పాతవి. ఎండాకాలం మధ్యాహ్నం రెండు గంటలకు ఆత్మకూర్‌లో ఫోన్ ఎత్తేవాళ్లు ఎందరుంటారు? జిల్లా కేంద్రంలో ఉండే మా పై అధికారికి ఇది నచ్చలేదు.

"పగటిపూట ఒక్క కాల్ తెగినా నీదే జిమ్మేదారి" అన్నారు.

"ఒక్కటి కూడా తెగదు సర్" అన్నాను.

రెండు నుంచి మూడు దాకా టైమిచ్చారు. మూడు దాటితే హైదరాబాద్ నుంచి మాకు సాయం చేసే సాంకేతిక బృందం వేరే ఊరి పని చూసుకుంటుంది. అప్పుడు మా పని వాయిదా పడుతుంది, నాకు మెమో వస్తుంది.

అంతకుముందు వారమంతా కూర్చుని, కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్లే నంబర్లను సరిచూశాను. వాడకంలో లేనివాటిని తీసేశాను. వాటిలో కొత్తకుంట అనే ఊరి బయటి ఎస్టీడీ బూత్ నంబరు ఒకటి. ఒక కాలికి పోలియో ఉన్న రాములు అనే మనిషి ఆ బూత్ నడిపేవాడట. నేను ఆత్మకూర్ రాకముందే చనిపోయాడు. తర్వాత మంచినీళ్ల పైపుల కోసం తవ్వినప్పుడు ఆ ఊరికి పోయే మా కేబుల్ కూడా ముక్కలైంది. దాన్ని మళ్లీ ఎవరూ వేయలేదు. పాత సాఫ్ట్‌వేర్‌లో మాత్రం ఆ నంబరు తీసేయకుండా అలాగే ఉండిపోయింది.

ఆ రోజు అంతా అనుకున్నట్టే సాగింది. రెండు దాటి పావుగంటకు మార్పు ఆదేశం ఇవ్వడానికి సిద్ధమయ్యాను. ఆదేశం తీసుకునే ముందు యంత్రం ఒకసారి సరిచూసుకుంటుంది. నడుస్తున్న కాల్స్ తొమ్మిది అని చూపించింది. మార్చగలిగినవి ఎనిమిది.

ఆ తొమ్మిదోది ఏమిటో తెరిచి చూశాను. పిలిచింది కొత్తకుంట బూత్. ఎత్తింది ఆత్మకూర్ సర్కారు దవాఖాన. మొదలైన సమయం రెండు గంటల పదకొండు నిమిషాలు. కొత్త సాఫ్ట్‌వేర్‌లో ఆ నంబరును నేనే తీసేశాను కనుక, మార్పు జరిగితే ఆ ఒక్క కాల్ తెగిపోతుంది.

పాత రికార్డేదో ఇరుక్కుపోయిందనుకున్నాను. ఇంజనీరు ఎవరైనా ముందు అదే అనుకుంటారు. అంజయ్యను తీసుకుని వెనక గదిలోకి వెళ్లాను. ఊరూరి తీగలన్నీ వచ్చి చేరే ఇనుప చట్రం అక్కడుంటుంది. దాని మీద ప్రతి నంబరుకూ రెండు పిన్నులు ఉంటాయి. ఆ పిన్నుల నుంచి బయటికి పోయే కేబుల్‌కు తీగ కలిపితేనే ఫోన్ పనిచేస్తుంది. కొత్తకుంట బూత్ పిన్నులు బోడిగా ఉన్నాయి. వాటి మీద దుమ్ము కూడా చెదరలేదు.

"గిది నేనే పీకిన మేడం, గీ చేతుల్తోనే" అన్నాడు అంజయ్య. "ఊరికి తీగనే లేకపాయె, ఫోనెట్ల వస్తది?"

నా టేబుల్ మీది ఫోన్ నుంచి దవాఖానకు చేశాను. ఎంగేజ్ వచ్చింది.

"జర చెవి పెట్టి ఇందామా మేడం?" అన్నాడు అంజయ్య. లైన్ పరీక్షించే ఫోన్ ఆయన నడుముకే వేలాడుతోంది.

వద్దన్నాను. ఎందుకు వినలేదని తర్వాత చాలామంది అడిగారు. ఇద్దరు మాట్లాడుకుంటుంటే దొంగచాటుగా వినడం మా పనిలో నేరం. ఆ ఇద్దరిలో ఒకరు ఎవరో తెలియనంత మాత్రాన అది నేరం కాకుండా పోదు.

అంజయ్యను బండి మీద దవాఖానకు పంపాను. పది నిమిషాల్లో ఆయన సెల్ నుంచి ఫోన్ చేశాడు.

"సిస్టర్ ఫోన్ల మాట్లాడుతాంది మేడం. నేను అడగవోతే చెయ్యితోని పక్కకు పొమ్మన్నది. ఎవలికో పాము కరిచిందట, అంబులెన్స్ పంపిండ్రట." గొంతు తగ్గించి, "కొత్తకుంట కాడనట మేడం" అన్నాడు.

అప్పటికి రెండున్నర దాటింది. పై అధికారి ఫోన్ చేశారు.

"ఇంకా ఎందుకు మార్చలేదు?"

"ఒక కాల్ నడుస్తోంది సర్. మారిస్తే తెగుతుంది."

"ఒక్క కాల్ కోసం ఆగినవా? కొట్టెయ్."

"దవాఖాన కాల్ సర్. పాము కరిచిన మనిషి గురించి మాట్లాడుతున్నారు."

"ఏ నంబరు నుంచి?"

చెప్పాను. ఆయన అటువైపు కంప్యూటర్‌లో చూసుకున్నారు. "గా నంబరే లేదు కదమ్మా! లేని నంబరు నుంచి కాల్ ఎట్ల వస్తది? గది ఉత్త రికార్డు. తీసెయ్."

"నంబరు లేదు సర్. కానీ దవాఖాన ఉంది. అక్కడ నర్సు ఫోన్ పట్టుకుని మాట్లాడుతోంది. మా మనిషి కళ్లతో చూశాడు."

"నేను చెప్తున్న, కొట్టెయ్."

"కాగితం మీద రాసి పంపండి సర్, కొడతాను. నోటిమాట మీద కొట్టను."

అటువైపు ఫోన్ పెట్టేశారు. కాగితం రాలేదు.

నీకు భయం వేయలేదా అని అడుగుతుంటారు. వేసింది. అయితే ఆ కాల్‌ను చూసి కాదు, గడియారాన్ని చూసి. తెర ముందు కూర్చుని నిమిషాలు లెక్కపెట్టాను. ముప్పై ఒకటి. ముప్పై ఆరు. నలభై.

రెండు యాభై రెండుకు ఆ కాల్ ముగిసింది. తెగిపోలేదు, ముగిసింది. ఎలా ముగిసిందో యంత్రం ప్రతి కాల్‌కూ రాసుకుంటుంది. దీనికి, పిలిచినవారే ఫోన్ పెట్టేసినట్టు రాసింది. అవతల రిసీవర్ కింద పెట్టిన సంగతి యంత్రానికి తెలియాలంటే తీగ ఉండాలి. ఆ తీగ లేదని నేను నా కళ్లతో చూసి వచ్చి ముప్పావుగంట కూడా కాలేదు.

ఆలోచించే టైము లేదు. ఆదేశం ఇచ్చాను. మిగిలిన కాల్స్ అన్నీ కొత్త సాఫ్ట్‌వేర్ మీదికి వచ్చాయి. ఒక్కటి కూడా తెగలేదు. మూడు కావడానికి ఇంకా నాలుగు నిమిషాలున్నాయి.

సాయంత్రం అంజయ్యతో కలిసి దవాఖానకు వెళ్లాను. ఆ సిస్టర్ పేరు సుగుణ. మా ఎక్స్చేంజిలో ఏం జరిగిందో ఆమెకు తెలియదు. నేనేమీ చెప్పకుండా, ముందు ఆమెనే చెప్పమన్నాను.

"ఎవలో పెద్దమనిషి గొంతు" అంది. "బీరయ్యను రక్తపింజర కరిచింది, పాత ఫోన్ రూము గోడకు పడి ఉన్నడు, బండి తోలుండ్రి అన్నడు. బండి తోలిచ్చిన. కాలు కదలనియ్యకు, నువ్వు ఫోన్ పెట్టకు అన్న. మధ్యమధ్యల ఉన్నవా అని అడిగితే, ఉన్న అనేటోడు. ఇంకో మాట లేదు. ఆఖరికి, వచ్చిండ్రు అని పెట్టేసిండు."

"పేరు అడగలేదా సిస్టర్?"

"అడిగిన. ఎక్స్చేంజోళ్లకు ఎరుకే అన్నడు. మీ మనిషే కదా?"

పక్కనున్న అంజయ్య బెంచీ మీద కూర్చుండిపోయాడు. ఆయన లెక్కలో అది రాములే. ఇంకెవరూ కాదు. ఆయన నమ్మకం ఆయనది. నేను ఆ మాట అనలేదు, అనను. రాములు గొంతు నేనెప్పుడూ వినలేదు.

వారం తర్వాత పై ఆఫీసు నుంచి ఒక కాగితం వచ్చింది. ఇరుక్కుపోయిన రికార్డును కాల్ అని పొరపడి, పనిని అనవసరంగా ఆలస్యం చేశానని ఒప్పుకుంటూ సంతకం చేయమన్నారు. చేస్తే విషయం అక్కడితో ముగుస్తుందన్నారు. నేను నాలుగు పేజీలు రాసి పంపాను. పిన్నుల మీద తీగ లేదని రాశాను. నర్సు నలభై ఒక్క నిమిషాలు మాట్లాడిందని రాశాను. దుమ్ము వల్ల రెండు పిన్నులూ కలిసి, ఫోన్ ఎత్తినట్టు యంత్రానికి కనబడొచ్చు, కానీ దుమ్ము దవాఖాన నంబరు నొక్కదు, బీరయ్య పేరు చెప్పదు అని కూడా రాశాను. ఆ వాక్యం తీసేయమన్నారు. తీయలేదు. రెండు నెలల్లో నన్ను మేళ్లచెరువుకు బదిలీ చేశారు. అక్కడి సిమెంటు ఫ్యాక్టరీల దుమ్ములో మూడేళ్లు పనిచేశాను. ఆ కాగితం ఎన్నిసార్లు వచ్చినా అలాగే తిప్పి పంపాను.

బదిలీకి ముందు ఒక రోజు బీరయ్య ఎక్స్చేంజికి వచ్చాడు. నలభై ఏళ్లుంటాయి, గొర్లు కాసుకునే మనిషి. కాలికి ఇంకా కట్టు ఉంది, కొడుకు భుజం పట్టుకుని మెట్లెక్కాడు. తన కోసం ఫోన్ చేసిన మనిషిని చూడాలని వచ్చాడు. దవాఖానలో అడిగితే ఎక్స్చేంజిలో అడగమన్నారట.

"నీ దగ్గరికి ఎవరూ రాలేదా అన్నా?" అని అడిగాను.

"ఎవ్వలు రాలేదమ్మా. గొర్లు తప్ప మనిషి జాడ లేదు. నా సెల్లుల చార్జింగ్ లేదు. నోరు ఎండిపోయి కేకలు కూడా రాలే. ఇగ అయిపోయిందనుకున్న. గంతట్లనే బండి చప్పుడైంది."

ఆయన ఏ గోడ పక్కన పడిపోయాడో ఆ బూత్ గదికి ఎప్పటి నుంచో తాళం ఉందని, లోపల ఫోన్ లేదని ఆయనే చెప్పాడు. రాములు చనిపోయాక ఫోన్ పెట్టెను తీసుకొచ్చింది అంజయ్యే. అది మా స్టోరు గదిలో, చీటీ కట్టి ఉంది.

నేను బీరయ్యను వెనక గదిలోకి తీసుకెళ్లి, చట్రం మీద ఆ రెండు పిన్నులు చూపించాను. ఆయన చాలాసేపు వాటినే చూశాడు.

"ఫోన్ గీడికెల్లే వచ్చిందా అమ్మా?"

తీగలు కలిసిపోయి ఉంటాయా అని వెతికాను, కలవలేదు. సాఫ్ట్‌వేర్ లోపమా అని దాన్ని తయారుచేసినవాళ్లనే అడిగాను, వాళ్లకూ అంతుచిక్కలేదు. నర్సు అబద్ధం చెప్పిందనుకుందామంటే, బండి సరిగ్గా ఆ గోడ దగ్గరికే ఎలా వెళ్లింది? నాకు తెలిసిన చదువంతా ఆ గదిలోనే ఉంది.

"తెలవదన్నా" అన్నాను.

ఆయన తల మీది రుమాలు తీసి, బోడిగా ఉన్న ఆ పిన్నులకు దండం పెట్టాడు. నేను పెట్టలేదు. ఆయన్ని ఆపనూ లేదు.