ఆడిస్తారా, కూసోబెడతారా?

మొన్న ఆదివారం పొద్దున మా తమ్ముడింట్లో అందరం టిఫిను తింటున్నాం. తమ్ముడి మనవరాలు ఇడ్లీ తుంచుతున్న కుడిచెయ్యి అలాగే ఉంచుకుని, ఎడమచేతి వేలితో ఫోను మీద ఏదో గీసి, దాన్ని బోర్లా పెట్టి మళ్లీ చట్నీ అందుకుంది. ఏమిటమ్మా అది అంటే, కలకత్తాలో ఒక ఆడపిల్లల ఫుట్‌బాల్ క్లబ్బుకు ఈ ఏడాది ఆడడానికి సంతకం పెట్టేశానంది. ఈ ఖరగ్‌పూర్ ట్రాఫిక్ కాలనీలో పుట్టి, రైల్వే గ్రౌండులో మగపిల్లలతో సమంగా మోకాళ్లు చెక్కుకుని పెరిగి, పెద్దతాతనైన నేను ఆడిన చోటే, సరిగ్గా మైదానం నడిమధ్యలోనే ఆడే పిల్ల, ఇంత పెద్ద పనిని రెండిడ్లీల నడుమ ముగించేసింది. నాకు పట్టరాని సంతోషం వేసింది, దాచుకోవడం దేనికి. కాని ఆ సంతోషం వెనకే ఏదో వెలితి కూడా వచ్చి కూర్చుంది. క్లబ్బు నుంచి ఎవరూ ఇంటికి రాలేదేమిటని అడిగాను. వాళ్లెందుకొస్తారు పెద్దతాతా, వీడియోలు చూసి తీసుకున్నారు అని నవ్వింది.

కలకత్తా మైదాన్‌లో ఆటలు చూస్తూ పెరిగిన నా ఈడు వాళ్లకు నేనెందుకు అలా అడిగానో వేరే చెప్పనక్కర్లేదు. తక్కినవాళ్ల కోసం కొంచెం వెనక్కి వెళ్లాలి.

మా నాన్న రైల్వే కార్ఖానాలో ఫిట్టరు. శ్రీకాకుళం వైపు నుంచి పని వెతుక్కుంటూ వచ్చిన తాత ఇక్కడే ఉండిపోతే, నాన్న ఇక్కడే పుట్టి, ఇక్కడి సైరన్ కూతకే లేచి, ఆ కూతకే ఇంటికి తిరిగొచ్చేవాడు. నేనూ అదే దారిలో నడవాలని ఇంట్లో అందరూ ముందే తీర్మానించేసుకున్నారు, నా కాళ్లు తప్ప. అవి బడి నుంచి తిన్నగా గ్రౌండుకే వెళ్లేవి. ఫుట్‌బాల్‌లో ముందు ఆడేవాడికి గోలు కొట్టిన పేరు వస్తుంది, వెనక ఆడేవాడికి గోలు ఆపిన పేరు వస్తుంది, మధ్యలో ఆడేవాడికి మాత్రం చాకిరీ ఒక్కటే దక్కుతుంది. వెనకవాళ్ల దగ్గర బంతి అందుకుని ముందువాళ్లకు చేర్చడం, ఆట ఎప్పుడు ఉరకాలో ఎప్పుడు నిదానించాలో చెప్పడం అతని పని. ఇప్పుడు మిడ్‌ఫీల్డర్ అంటున్నారు, అప్పట్లో హాఫ్ అనేవారు. బంతి కాలి దగ్గరికి వచ్చాక ఆలోచించేవాడు ఆ చోటికి పనికిరాడు, రాకముందే నాలుగు వైపులా చూసి పెట్టుకోవాలి. గొప్పలు పోతున్నాడనుకుంటే అనుకోండి గాని, ఆ పని నాకంటే బాగా చేసే కుర్రవాణ్ణి ఆ రోజుల్లో ఈ ఊళ్లో నేను చూడలేదు.

కార్ఖానా జట్టుకు ఆడుతుండగా కలకత్తా నుంచి వచ్చిన ఒక చిన్న క్లబ్బు కోచ్ దాదా నన్ను చూశాడు. ఆట అయ్యాక పక్కకు పిలిచి, వచ్చి మా దగ్గర ఆడతావా, నెలనెలా జీతమిస్తాం అన్నాడు. బంతి తన్నినందుకు జీతమిచ్చే పిచ్చివాళ్లు లోకంలో ఉంటారని నమ్మడానికి నాన్నకు చాలా కాలం పట్టింది. ఉత్తర కలకత్తాలో ఒక పాత మేడ మీద మరికొందరు ఆటగాళ్లతో కలిసి ఉండేవాణ్ణి. మా మేనత్త పెట్టి పంపిన ఆవకాయ జాడీ ఒకటి నా మంచం కింద ఉండేది. మద్రాసీ పచ్చడి అని మొదట్లో ముక్కు మూసుకున్న వాళ్లే, వానాకాలం వచ్చేసరికి చేపల పులుసులో కూడా అది నంజుకునేంత దాకా వెళ్లారు, జాడీ అడుగు కనిపిస్తే నాకంటే వాళ్లకే దిగులు. ఆ ఏడాది కోచ్ దాదా నన్ను ఒక్క ఆటకు కూడా పక్కన పెట్టలేదు. తప్పులు చేశాను, తిట్లు తిన్నాను, మళ్లీ మర్నాడు అదే చోట నిలబడ్డాను. ఒక వాన మధ్యాహ్నం, బురదలో బంతి దొర్లడమే మానేసిన ఆటలో, ఊరంతా నెత్తిన పెట్టుకున్న పెద్ద క్లబ్బును మేము గోలు లేకుండా నిలబెట్టేశాం. బురదలో బంతిని దొర్లించకూడదు, లేపాలి అని ముందుగా కనిపెట్టినవాణ్ణి నేనే. మైదానం అంచున ఉన్న మా క్లబ్బు టెంటుకు తిరిగి వెళ్తుంటే ఆ పెద్ద క్లబ్బు అభిమానులే నన్ను ఆపి ఏ ఊరు నీది అని అడిగారు.

ఆడే కాలం ముగిసి ఆటగాళ్లు క్లబ్బులు మారే రోజులు వచ్చాయంటే కలకత్తాలో పెద్ద తమాషా. ఎవరు ఏ క్లబ్బుకు సంతకం పెడతారో ఆఖరి నిమిషం దాకా తెలియనివ్వకుండా, క్లబ్బువాళ్లు ఆటగాళ్లను ఎత్తుకుపోయి ఎవరి ఇంట్లోనో, ఏ తోట బంగళాలోనో దాచేసేవారు. దాచిన చోట రాజభోగం, గుమ్మం దగ్గర కాపలా. ఒక క్లబ్బు దాచిన వాణ్ణి ఇంకో క్లబ్బు ఎత్తుకుపోయిన సందర్భాలూ ఉన్నాయి. మా కోచ్ దాదాకు దాచడానికి బంగళా ఎక్కడిది, నువ్వు మీ ఊరెళ్లి చడీచప్పుడు లేకుండా కూర్చో, నేను కబురు పెడతాను అని మాత్రం అన్నాడు. నేను ఖరగ్‌పూర్ లోకల్ ఎక్కి వచ్చేశాను. ఇంటికొచ్చిన మర్నాడే గ్రౌండుకు పోయాను, చడీచప్పుడు లేకుండా కూర్చోవడం నా వల్ల అవుతుందా.

పెద్ద క్లబ్బు ఊరుకోలేదు. ఎలా పసిగట్టారో, ఒక సాయంత్రం ఇద్దరు మనుషుల్ని మా ఇంటికి పంపింది. ఒకాయన నెరిసిన జుట్టుతో, ఇస్త్రీ ధోతీతో ఉన్న బెంగాలీ పెద్దమనిషి, ఆ క్లబ్బు ముఖ్యుల్లో ఒకడు. రెండోవాడు కలకత్తా ఖిదిర్‌పూర్‌లో గుమాస్తా చేసే మన తెలుగువాడు, ఇంట్లో వాళ్లతో మాట్లాడడానికి తోడు తెచ్చుకున్నారు. రైల్వే కాలనీలో గోడలకు చెవులుంటాయని భయపడి, క్లబ్బు పేరు గాని ఆట మాట గాని ముందే ఎత్తవద్దని ఆయన ఇతనికి గట్టిగా చెప్పి తీసుకొచ్చాడట. చేతిలో సందేశ్ మిఠాయి పెట్టె, భుజాన కండువా. గుమ్మంలో నిలబడి, మీ అబ్బాయి విషయం మాట్లాడదామని వచ్చాం అన్నారు.

తలుపు తీసింది మా మేనత్త. నాన్నకు అక్క, చిన్నతనంలోనే భర్త పోతే మా ఇంటికి వచ్చి, ఇంటి పెత్తనం మొత్తం చేతిలోకి తీసుకున్న మనిషి. ఆ నెలలోనే ఆవిడ నాకు సంబంధాలు చూడమని ఆద్రా నుంచి చక్రధర్‌పూర్ దాకా రైల్వే ఊళ్లలో ఉన్న చుట్టాలందరికీ చెప్పి ఉంచింది. మిఠాయి పెట్టెతో వచ్చి అబ్బాయి గురించి అడిగేవాళ్లు పెళ్లివారు కాక ఇంకెవరవుతారు? ఇంట్లో ఉన్న ఒకే ఒక్క పేము కుర్చీలో ఆ బెంగాలీ పెద్దమనిషిని కూర్చోబెట్టింది, రెండోవాడే పిల్ల తండ్రి, ఈయన అతను పనిచేసే ఆఫీసు దొర కాబోలు, పెద్దరికానికి వెంట వచ్చాడని అనుకుంది. అమ్మ లోపల స్టవ్వు వెలిగించింది.

తరవాత జరిగింది అమ్మ ఎన్నిసార్లు చెప్పినా నవ్వు ఆపుకోలేక మధ్యలోనే ఆగిపోయేది. అబ్బాయి ఆరోగ్యం ఎలా ఉందని వాళ్లు అడిగితే అత్త బ్రహ్మాండమంది. కాళ్లకు ఏమీ నొప్పులు లేవు కదా అంటే, ఇదేం ప్రశ్నరా అనుకుంటూనే, లేవంది. ఇంకెవరికైనా మాట ఇచ్చేశారా అని గుమాస్తా గొంతు తగ్గించి అడిగితే, చాలామంది వస్తున్నారు గాని మేమే ఇంకా ఎవరికీ మాట ఇవ్వలేదని బెట్టు చేసింది. వాళ్లిద్దరి ముఖాలూ వెలిగిపోయాయి. అప్పుడు ఆ గుమాస్తా ఉండబట్టలేక, మరి ఆట సంగతి అని నసిగాడు. వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్లి చెయ్యమన్నారు కదా, బంతాట ఆడుకునే వాడికి పిల్లనెవరిస్తారని మా అత్త భయం.

"ఆటేటి బాబూ, అది సిన్నప్పటి మాట. ఎప్పుడో మానీసినాడు. వచ్చే నెల్లో కార్ఖానాలో సేరిపోతాడు," అంది.

గుమాస్తా ఆ మాట బెంగాలీలో చెప్పేసరికి పెద్దమనిషి కుర్చీలోంచి సగం లేచాడట. సరిగ్గా అప్పుడే నేను పెరటి తలుపు తోసుకుని, నిక్కరుతో, మోకాళ్ల దాకా మట్టితో, చంకలో బంతితో లోపలికొచ్చాను. అత్త నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు. పెద్దమనిషి మాత్రం దేవుడే ప్రత్యక్షమైనట్టు నా మట్టికాళ్ల వైపు చూసి చేతులు జోడించాడు.

విషయం తేలిపోయాక అందరం కాసేపు నవ్వుకున్నాం. నవ్వు అయ్యాక అసలు మాట మొదలైంది. పెద్ద క్లబ్బు జెర్సీ, కలకత్తాలో ఒక ఆఫీసులో ఉద్యోగం, ఊరూరా పేరు, ఇవన్నీ ఆయన నిదానంగా చెప్పాడు. ఈ సాయంత్రం లోకల్‌కే మాతో వచ్చెయ్ అన్నాడు. మన ఖరగ్‌పూర్‌లో ఆ జెర్సీ కలలోకి రాని కుర్రవాడు ఉండేవాడా? నా చేతులు అప్పుడే రేకు పెట్టెలో చొక్కాలు సర్దేస్తున్నాయి. కార్ఖానా సైరన్ కూసింది, నాన్న వచ్చి, సంగతి విని, నీ ఇష్టం అని గోడకు ఆనుకుని నిలబడ్డాడు. అప్పుడు అత్త, పెళ్లివారు కాదని తెలిసిన తరవాత కూడా పెళ్లివారిని అడిగినట్టే, ఆయన ఎదురుగా నేల మీద కూర్చుని ఒక్కటి అడిగింది.

"మా పిల్లడ్ని ఆడిస్తారా బాబూ, కూసోబెడతారా?"

గుమాస్తా దాన్ని బెంగాలీలోకి మార్చాడు. ఆ పెద్దమనిషి అత్త ముఖం వైపు చూశాడు, నా వైపు చూశాడు, అబద్ధం చెప్పి నన్ను రైలెక్కించేసుకోవడం ఆయనకు చిటికెలో పని. కాని ఆయన, మధ్యలో ఆడేందుకు మా దగ్గర పేరున్న వాళ్లున్నారమ్మా, మొదటి ఏడాది, బహుశా రెండో ఏడాది కూడా కూర్చోవలసే ఉంటుంది అని దాచకుండా చెప్పేశాడు. ఆ నిజాయితీకి నేను ఈనాటికీ ఆయనకు దణ్ణం పెట్టుకుంటాను. అత్త లేచి వంటింట్లోకి నన్ను రమ్మంది.

"పెద్దిల్లేరా, నిజిమే. నానూ పెద్దింటికే ఎల్లినాను. తోడికోడళ్ల ఎనకాల నిలబడి నిలబడి, పొయ్యి దగ్గిరికి సేరీసరికి నా సెయ్యి వంట మర్సిపోనాది. కాలూ అంతే," అంది.

ఆవిడ తన కాపురం గురించి అంతకు ముందు మా ఎవరితోనూ ఒక్క మాట అనలేదు, తరవాతా అనలేదు. నేను ముందు గదిలోకి వచ్చాను. కోచ్ దాదా నా తప్పులన్నీ భరించి రోజూ అదే చోట నిలబెట్టడం గుర్తొచ్చింది, ఆ బురద ఆటలో బంతి నా మాట విన్న క్షణం గుర్తొచ్చింది. కూర్చుంటే నా కాలు ఏమవుతుందో నాకు తెలుసు, నిలబడితే ఏమవుతుందో అంతకన్నా బాగా తెలుసు. భయం వెయ్యలేదు. గుమాస్తాతో, ఆయనకు చెప్పండి అన్నాను.

"వచ్చే ఏడు రమ్మనండి. అప్పుడు కూసోబెట్టాలన్నా కూసోబెట్టలేరు."

పెద్దమనిషి పెద్దగా నవ్వి, నా భుజం తట్టి, సందేశ్ పెట్టె అక్కడే వదిలి వెళ్లిపోయాడు. ఆ జెర్సీ గుమ్మం దాటి వెళ్లిపోయినట్టే అనిపించి ఆ పూట నాకు అన్నం సహించలేదు, అబద్ధమెందుకు. మరుసటి ఏడు చిన్న క్లబ్బులో ప్రతి ఆటా ఆడాను. ఆ కాలం ముగిసిన వెంటనే అదే ధోతీ, అదే మిఠాయి పెట్టె, అదే కుర్చీ. అత్త అదే ప్రశ్న అడిగింది. ఆయన ఈసారి గుమాస్తా వైపు చూడకుండా, నేర్చుకుని వచ్చిన తెలుగులో, ఆడిస్తాం అమ్మా అన్నాడు. అలా వెళ్లాను, మోకాలు మొరాయించేదాకా ఆడాను, ఆ తరవాత రైల్వే ఉద్యోగంలో కుదురుకుని మళ్లీ ఈ ట్రాఫిక్ కాలనీకే చేరాను. అత్త ఆడపెళ్లివారి దగ్గర మాత్రం నా ఆట సంగతి చివరిదాకా దాచింది.

మొన్న టిఫిను అయ్యాక నాకు ఇంట్లో కాలు నిలవలేదు. సాయంత్రం గోల్‌బజార్‌కు పోయి ఒక సందేశ్ పెట్టె కట్టించుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఎప్పుడూ పెరటి వైపు నుంచి వెళ్లేవాణ్ణి ఈసారి వీధి గుమ్మంలోంచి తమ్ముడింటికి వెళ్లి, పేము కుర్చీలో కూర్చున్నాను. ఆనాడు పెద్దమనిషి కూర్చున్న నాన్న కుర్చీయే అది, మూడు నాలుగు సార్లు అల్లించుకున్నా తమ్ముడు పారెయ్యలేదు. అమ్మాయి విషయం మాట్లాడదామని వచ్చాను అన్నాను. మరదలు నా చేతిలో పెట్టె చూసింది, కొంగు భుజం చుట్టూ కప్పుకుని, ఏమీ తెలియనట్టు ముఖం పెట్టి, మా పిల్లకి ఆటలేటి బావగారూ, ఎప్పుడో మానీసినాది అంది. ఇంటిల్లిపాదీ నవ్వారు.

నవ్వు సద్దుమణిగాక పిల్లను దగ్గరకు పిలిచి మా అత్త ప్రశ్న అడిగాను. అది ఫోను తీసి, ఒప్పందమంతా పైనుంచి కిందికీ కిందినుంచి పైకీ వేలితో జరిపి చూసి, ఆ సంగతి ఇందులో ఎక్కడా లేదు పెద్దతాతా అంది. తరవాత ఫోను పక్కన పడేసి, నన్ను కూసోబెట్టమను చూద్దాం అని గెడ్డం ఎత్తింది. ఆ గెడ్డం నాకు తెలిసినదే, దాని గురించి నాకు దిగులు లేదు. ఆడుతుంది, ఆడి తీరుతుంది.

కాని ఆ జవాబు దానికి అక్కడికి వెళ్లాక గాని తెలియదు. మా కాలంలో మంచో చెడో ఒక మనిషి రైలెక్కి వచ్చి, మన ఇంట్లో కూర్చుని, మన ఇంటి పెద్దావిడ ముఖం చూస్తూ చెప్పవలసి వచ్చేది, ఆ ముఖం చూస్తూ అబద్ధం చెప్పడం అందరి వల్లా అయ్యేది కాదు. ఇప్పుడు అడగడానికి అత్త లేదు, చెప్పడానికి ఎవరూ రారు. మొన్న సాయంత్రం చీకటి పడేదాకా ఆ కుర్చీలో నేనే కూర్చున్నాను.