పాటల కంప్యూటరుకు పండగ శుద్ధి

ఒక పాత బనీను గుడ్డతో ఈస్టరు పండగనే ఆపబోయిన మనిషిని మీరెక్కడైనా చూశారా? చూడకపోతే ఇదిగో, నేనే.

చంద్రపూర్ బొగ్గు గనుల దగ్గర విసాపూర్‌లో మా చిన్న చర్చి. మా పిల్లలు తెలుగు గలగలా మాట్లాడతారు, చదవమంటే బిక్కమొహం వేస్తారు. బళ్లో నేర్చేది మరాఠీ మరి. అందుకని మా అక్క కూతురు మేరీ తెలుగు పాటల్ని మరాఠీ అక్షరాల్లో కొట్టి, లినక్స్ వేసిన పాత కంప్యూటర్లో పెట్టి, తెర మీద చూపించేది. ఆ ఈస్టరుకు మొదటిసారి పిల్లలే పాట నడిపించాలి.

పండగ ముందు రోజు చర్చిలో బొగ్గు దుమ్ము దులపడం మా ఆడవాళ్ల ఆనవాయితీ. కిటికీలు, బల్లలు, ఫ్యాను రెక్కలు అయ్యాక నా కన్ను కంప్యూటరు మీద పడింది. వినాశకాలే విపరీత శుద్ధి! మూత తీస్తే లోపల ఒక బుల్లి బొగ్గు గని. రెండు డిస్కుల వైర్లూ పీకి, తుడిచి, ఏది చేతికొస్తే అది దూర్చేశాను.

తెల్లారి ఆన్ చేస్తే నల్ల తెర మీద చీమల బారులా తెల్ల అక్షరాలు. అంతే. పాటా లేదు, పల్లవీ లేదు.

“చిన్నమ్మా, దీన్ని ఏం జేసినవ్?” అంది మేరీ.

“ఏం జేస్త? సాఫ్ జేసిన.”

“లోపల గూడనా?”

“లోపల దుమ్ముంటే బయట తుడిస్తే ఏం లాభం? పాస్టరయ్య రోజూ గదే చెప్తడు గద!”

“వైర్లు తీసినవా?”

“తీసిన. మళ్ల పెట్టిన గద. ఒక్కటి గూడ మిగల్లే!”

మేరీ నెత్తి పట్టుకుంది. “పాటల డిస్కు రెండో జాగల ఉంటదని దీనికి రాసిపెట్టిన. ఇప్పుడు ఆ జాగల వేరే డిస్కున్నది. పాటలు దొరుకుతలేవని అక్కడ్నే ఆగింది.”

“జాగ మారితే గుర్తుపట్టదా? ఇంత పెద్ద మిషిను!”

“మన పాస్టరయ్య గుర్తుపట్టిండా?”

ఒక ఆదివారం నేను మా అక్క కూర్చునే చోట కూర్చుంటే, ఆయన అక్క మోకాళ్ల నొప్పికి నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థించాడు. అంత మంచి ప్రార్థనను మధ్యలో ఎలా ఆపుతాను? నేనూ ఆమెన్ అనేశాను.

“రేపు ఆ డిస్కు సొంత నంబరు రాస్త. ఏ జాగల ఉన్నా గుర్తుపడ్తది,” అంది మేరీ.

“పాస్టరయ్యక్కూడ రాయరాదె!”

గంట మోగింది. కొత్త బట్టల్లో పిల్లలు నల్ల తెరకేసి చూస్తున్నారు. ఒక పిల్లకి పెదవి వణుకుతోంది.

“నేను వైర్లు మారుస్త. నువ్వు పాట ఎత్తు చిన్నమ్మా!”

నా చదువు నాలుగో తరగతి దాటలేదు గానీ, పాటలన్నీ మా అమ్మ నోటి నుంచి నా నోటికి వచ్చినవే. ఒక్కో లైను నేను చెప్తే పిల్లలు అందుకున్నారు. తెర కోసం వెతికిన కళ్లన్నీ నా నోటి వైపు తిరిగాయి. మా అమ్మ నోటి వైపు నేనూ ఇలాగే చూసేదాన్ని. డిస్కు లేకపోయినా ఇవాళ పాట ఆగలేదు. నేను లేని రోజున మాత్రం వీళ్లకు ఆ డిస్కే దిక్కు.

అంతలో తెర వెలిగింది. పిల్లలు తెరను చూశారు, నన్ను చూశారు, కిసుక్కుమన్నారు. నేను రెండో చరణమని ధీమాగా పాడిస్తున్నది అక్కడ మూడోది!

మేరీ డబ్బా వెనక నుంచి తలెత్తింది. “చిన్నమ్మా, నీ లోపల గూడ ఎవరన్న సాఫ్ జేసిండ్రా?”

పెద్దలారా, మీ అందరి ముందు ప్రమాణం చేస్తున్నాను: ఆ డబ్బా మీద బొగ్గు పేరుకుని గుట్టయినా సరే, నా గుడ్డ దాని మూత దాటదు.