శనివారం నల్ల చొక్కా

ఐర్లండ్‌లో కార్క్ నుంచి బాలింకాలిగ్ వెళ్ళే బస్సులో నా పక్కన కూర్చున్న గోదావరి మనిషి ఫోన్లో ఫుట్‌బాల్ జట్లు ఏరుతున్నాడు. ఐదు మ్యాచ్‌లకు కలిపి ఒకే పందెం కడతారట. ఐదు జట్లూ నెగ్గితేనే డబ్బు, ఒక్కటి ఓడినా మొత్తం పోయినట్టే.

"ఎలా ఎంచుతున్నారు?" అన్నాను.

"శనివారం కదండీ, కాకికి జయం. అందుకే నల్ల చొక్కాల జట్లు," అన్నాడు. "ఇది తగిలితే మా ఆవిడ చేత నర్సింగ్ హోమ్‌లో నైట్ డ్యూటీలు మాన్పించేస్తానండి."

కోడిపుంజు రంగునీ వారాన్నీ బట్టి గెలుపు చెప్పే కుక్కుట శాస్త్రం అది. అందులో కాకి అంటే నల్ల పుంజు. దాన్ని నమ్మే మా తాతగారు మాగాణంతా పోగొట్టారు. నాకు ఒళ్ళు మండింది.

"ఆడేది మనుషులయ్యా, పుంజులు కాదు. ఆవిడ కష్టాన్ని చొక్కా రంగు మీద పెడతావా? ఆ శాస్త్రంతోనే మా వంశం మట్టికొట్టుకుపోయింది," అన్నాను.

అతను నొచ్చుకోలేదు. ఫోన్ ఒళ్ళో పెట్టుకుని నా వైపు తిరిగాడు.

"తాతగారు పెద్ద పందేల మనిషన్నమాట. పుస్తకమేమైనా దాచారా అండీ? నాకు సగమే నోటికొచ్చు."

"మా ఇంట్లో అలాంటివి ఉండవు," అని దిగిపోయాను.

ఇంటికి రాగానే బీరువా తెరిచాను. తాతగారి ఆస్తిలో నాదాకా వచ్చింది ఆ పుస్తకం ఒక్కటే. చించేద్దామని బయటికి తీశాను. శనివారం పేజీలో 'కాకి' కింద ఆయన గీసిన ఎర్ర గీత కనిపించింది. పుస్తకాన్ని మళ్ళీ బట్టల కింద పెట్టేశాను. ఆ మనిషి మీద కోపం మాత్రం ఇప్పటికీ తగ్గలేదు.