నాయనమ్మ గోళెం

నాయనమ్మ ఇల్లు నిలబెట్టానని కనబడ్డవాళ్ళంతా నన్ను మెచ్చుకుంటున్నారు. వినలేక చస్తున్నాను.

హనుమకొండ బజారులో దుకాణాలున్న కుటుంబం మాది. మా నాన్న చంకలో ఉండగానే తాతయ్య పోయాడు. తన వాటాకొచ్చిన పెంకుటింట్లో నాయనమ్మ దిక్కులేని ఆడపిల్లల్ని చేరదీసి చదువు చెప్పించింది, కుట్టుపని నేర్పించింది. మా వైపు అంతకుముందు అలాంటి పని చేసినవాళ్ళు లేరు. ఏ కులమని ఎవర్నీ అడగలేదు. ఆమెకు ఒక్కటే పట్టింపు. ఇంటికి ఎవరొచ్చినా ముందు చేదబావిలోంచి ఒక బొక్కెన నీళ్ళు తోడి వాకిట్లో ఉన్న గోళెంలో పోసి, ఆ తర్వాతే గడప దాటాలి. ఇంటిల్లిపాదీ తాగేదీ, వండుకునేదీ ఆ నీళ్ళే. అందుకే బజారు చుట్టాలు మా ఇంట్లో మంచినీళ్ళు ముట్టేవారు కాదు.

"వాళ్లకింక దూప కాలే బిడ్డా. అయితే వాళ్లే తాగుతరు" అనేది నాయనమ్మ.

ఆమె పోయాక వాళ్ళ దూప స్థలం మీదికి మళ్ళింది. ఇల్లు కూలగొట్టి కాంప్లెక్స్ కడదామన్నారు. నేను ససేమిరా అన్నాను. ఎక్కని ఆఫీసు లేదు, పట్టుకోని కాళ్ళు లేవు. చివరికి ఇంటిని స్మారక భవనం చేస్తామని ఒక కమిటీ ముందుకొచ్చింది. ఆ రోజు సంతోషంతో ఏడ్చాను. అదొక్కటే నాకు మిగిలిన సంతోషం.

ప్రారంభోత్సవానికి తొర్రూరు నుంచి అక్క వచ్చింది. నాయనమ్మ చేరదీసిన మొదటి పిల్ల ఆమే. నన్ను ఎత్తుకుని పెంచిందీ ఆమే. ఊరి బావి దగ్గరికి రానివ్వని కులంలో పుట్టి, మొదటిసారి చేద పట్టుకున్నది మా ఇంట్లోనే.

వస్తూనే బావి దగ్గరికి వెళ్ళింది. బావి నోటికి ఇనుప జాలీ బిగించి ఉంది. గోళెం చుట్టూ ఎర్ర తాడు, దాని ముందు ఒక బోర్డు. నాయనమ్మ నేర్పిన చదువే కదా, అక్క కూడబలుక్కుంటూ పైకే చదివింది. "తాకరాదు."

బోర్డు మీది నుంచి నా వైపు తిరిగింది.

"గీ ఇంట్ల గీ మాట రాసిండ్లా బిడ్డా?"

కమిటీ చేతుల్లో ఇల్లు పెట్టింది నేనే.

అక్క సంచిలోంచి నీళ్ళ సీసా తీసింది. "అవ్వా, జర దూరముండు" అంటూ వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చాడు. "పొయ్యకుంట లోపలికెట్ల పోవాలె?" అని అక్క తాడు దాటి, సీసాలోని నీళ్ళన్నీ గోళెంలో పోసింది.

పోసిన నీళ్ళు పోసినట్టే కిందికి కారి కొత్త టైల్స్ మీద పారాయి.

"దోమలైతయని అడుగున బొక్క కొట్టించినం మేడం" అన్నాడు కమిటీ పెద్దమనిషి నాతో. ఎంతో ముందుచూపుతో చేసిన పనిలా చెప్పాడు. లోపల మైకులో నాయనమ్మ గొప్పతనం గురించి ఎవరో మాట్లాడుతున్నారు. వాచ్‌మన్ గుడ్డ కర్ర తెచ్చి అక్క కాళ్ళ దగ్గరి తడి తుడిచేశాడు.

లోపలికి రమ్మని చెయ్యి పట్టుకున్నాను. అక్క రాలేదు. ఖాళీ సీసాకు మూత బిగించి సంచిలో పెట్టుకుంది.

"నీళ్లు నిలువలే గద బిడ్డా" అని గేటు వైపు నడిచింది.