ఐలీ చిన్న తుపాకీ

"ఆ ఉడతల తుపాకీ భుజానేసుకుని అడవిలోకి పోవడం కంటే ఇంట్లో కూచుని బంగాళాదుంపలు తరుక్కోవడం నయం!"

"తరుక్కో. ఎవడొద్దన్నాడు? కత్తి నేనే నూరి పెడతా."

"విన్నావురా ఆర్వీ, మీ అక్క మాటలు?"

"నన్ను లాగకు బావా. నువ్వు కోరి చేసుకున్నావ్. నాకా అవకాశం కూడా లేదు, పుట్టేసరికే అక్క."

మిషిగన్ ఉత్తరపు కొసన, మంచులో కూరుకుపోయిన వేట గుడిసెలో మొగుడూ పెళ్లాలు వైనో, ఐలీల మధ్య జరుగుతోందీ గొడవ. తెల్లారితే జింకల వేట మొదలు. వేసవిలో వైనో గుండెకి పేస్‌మేకర్ పెట్టారు, సరిగ్గా తుపాకీ ఆనించే భుజం కింద. వాళ్ల నాన్న ఇచ్చిన పెద్ద రైఫిల్ పేలిస్తే గాడిదలా తంతుంది. ఇక దాన్ని ముట్టొద్దన్నాడు డాక్టరు. ఐలీ మళ్లీ ఆయన దగ్గరికే వెళ్లి తన చిన్న రైఫిల్ సంగతి అడిగి, సరేననిపించుకుని వచ్చింది. అది పట్టుకోవాలి, లేదా వేట మానాలి. డెబ్బై రెండేళ్ల వైనోకి రెండూ చావులాగే ఉన్నాయి.

నలభై ఏళ్లుగా ఆ తుపాకీని ఉడతలకే పనికొస్తుందని వెక్కిరించిన నోరు మరి.

ఐలీ మనిషి పొట్టి. బడి వంటశాలలో ముప్ఫై ఏళ్లు గరిట తిప్పింది. మొదటి ఏడాది జీతంలో దాచుకుని, తన భుజానికి సరిపోయే తుపాకీ కొనుక్కుంది. తూటా చిటికెన వేలంత ఉండదు. అందుకే అరవై అడుగులు దాటితే కాల్చదు. జింక అడ్డంగా తిరిగి పక్కటెముకలు కనిపిస్తే తప్ప కాల్చదు. ఎన్నో ఏళ్లు ఉత్త చేతులతో వచ్చింది. తూటా సరిగా తగలక కుంటుకుంటూ పోయి ఎక్కడో చచ్చిన జింక మాత్రం ఆవిడ లెక్కలో ఒక్కటీ లేదు. వైనో లెక్కలో ఉన్నాయి. అతనా మాట ఎవరికీ చెప్పడు.

పొద్దున్నే మూతి ముడుచుకునే చిన్న తుపాకీ తీసుకున్నాడు. ఐలీ ఫ్లాస్కులో కాఫీ, గుడ్డలో చుట్టిన, మాంసం కూరి కాల్చిన పాస్టీలు పట్టుకుని వెనకే నడిచింది. దేవదారుల కింద మాటులో ఒకే దుప్పటి కప్పుకుని కూచున్నారు.

రెండు గంటలు గడిచాక వైనో ఊపిరి బిగబట్టాడు. "వచ్చింది. కొమ్ములున్నదే."

"ఎటు చూస్తోంది?"

"మన వైపే. ఎదురు రొమ్ము."

"అయితే ఆగు."

"పోతుందే!"

"పోనీ."

పెద్ద రైఫిల్ అయితే ఈపాటికి పేల్చేసేవాడే. జింక మంచు గీరింది, తలెత్తింది, మళ్లీ గీరింది. ఐలీ అతని మోకాలి మీద చెయ్యేసి ఉంచింది. చాలాసేపటికి అది పక్కకి తిరిగి చెవి విదిల్చింది.

"తిరిగింది," అన్నాడు.

"ముందుకాలి వెనక. నింపాదిగా."

పేల్చాడు. భుజం మీద ఎవరో తట్టినట్టయింది, అంతే. జింక ముప్ఫై అడుగులు ఉరికి, అలిసి పడుకున్నట్టు వాలిపోయింది.

వైనో తుపాకీ ఒళ్లో పెట్టుకుని, "మంచి తుపాకీయేనే," అన్నాడు. నలభై ఏళ్లకి. అని నవ్వబోయి, ఐలీ వైపు చూసి ఆగిపోయాడు. ఆమె జింక పడిన చోటు వైపు కాదు, దానికి బాగా ఎడంగా ఎక్కడో చూస్తోంది.

"ఐలీ, నీకు కనబడలేదా?"

"నిరుటి నుంచీ అంతే. నడిమధ్యన మసక. ఇక చూపు బాగుపడదన్నారు డాక్టర్లు. మనిషి మొహమైతే దగ్గరికొస్తే తెలుస్తుంది."

"మరి నాకు చెప్పవేం?"

"చెబితే నన్ను ఇంట్లో కూచోబెడతావు." దుప్పటి అంచు అతని మోకాళ్ల మీదికి లాగింది. "తుపాకీ నువ్వే ఉంచుకో వైనో. నన్ను మాత్రం మానిపించకు. ఏటా ఇలాగే పక్కన కూచోనీ. జింక ఎటు తిరిగిందో చెబుతూ ఉండు, చాలు."